తీసేసే ముందు చోటు మార్చి చూడండి

(విశాఖపట్నంలో బాస్కెట్‌బాల్ కోచ్‌లు, ఆటగాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాయింట్లు బాగానే వేస్తూ, వేసినవాటికంటే ఎక్కువ ఇచ్చేసే జట్లు ఉంటాయి. అలాంటి జట్టు వరసగా కొన్ని మ్యాచ్‌లు పోగొట్టుకుంటే మేనేజ్‌మెంట్ నుంచి, అభిమానుల నుంచి ఒకటే మాట వినిపిస్తుంది: "ఫలానావాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టండి." కోచ్‌కి టెన్షన్ పెరుగుతుంది, కూర్చోబెట్టేస్తాడు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆటగాణ్ణి తీసేసే ముందు, అతను కాపలా కాసే మనిషిని, నిలబడే చోటును మార్చి చూడండి. అది చాలకపోతే అప్పుడు పేర్లు మార్చండి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 2021-22 సీజన్ ఆడిన బోస్టన్ సెల్టిక్స్ జట్టు. ఇమే ఉడోకా కొత్త కోచ్. జనవరి మొదటివారానికి 18 గెలుపులు, 21 ఓటములు. ఆ జట్టు పని అయిపోయిందన్నారు. చివరికి 51 గెలిచి, 31 ఓడి, ఎన్‌బీఏలో అత్యుత్తమ డిఫెన్స్‌తో సీజన్ ముగించి ఫైనల్ దాకా వెళ్లింది. స్మార్ట్, బ్రౌన్, టేటమ్, హార్‌ఫర్డ్, రాబర్ట్ విలియమ్స్: మొదటి ఐదుగురూ సీజన్ మొదటినుంచీ ఆ జట్టులో ఉన్నవాళ్లే. మరి ఏం మారింది?

విలియమ్స్ సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు. బంతి రింగ్ దగ్గరికి వచ్చేసరికి గాల్లోకి లేచి ఆపగలడు. మామూలుగా అయితే అతను ఎదుటి సెంటర్‌నే కాయాలి. ఎదుటివాళ్లు ఏం చేస్తారు? ఆ సెంటర్‌ని రింగ్‌కి దూరంగా పైకి పిలిచి స్క్రీన్ పెట్టిస్తారు, అంటే బంతి ఉన్నవాణ్ణి కాసే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబెడతారు. విలియమ్స్ అతని వెంట పైకి రాక తప్పదు, రింగ్ కింద ఖాళీ అయిపోతుంది. ఉడోకా ఆ ఎదుటి సెంటర్‌ని హార్‌ఫర్డ్‌కి అప్పగించి, విలియమ్స్‌ని తీసుకెళ్లి కోర్టు మూలలో, అంటే కార్నర్‌లో నిలబడే బలహీనమైన షూటర్ మీద పెట్టాడు. స్క్రీన్ ఎవరు పెట్టినా మిగతా నలుగురూ స్విచ్ అయిపోతారు, అంటే కాసే మనుషుల్ని మార్చేసుకుంటారు. విలియమ్స్ మాత్రం తన మనిషిని కాస్త వదిలేసి, కార్నర్ నుంచి రెండడుగుల్లో రింగ్ ముందుకు వచ్చేస్తాడు.

మన పోర్టు ఇండోర్ స్టేడియంలో ప్రో కబడ్డీ చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. రైడర్ కాలు కార్నర్ డిఫెండర్ ఒడిసిపట్టినా, పక్కనుండే కవర్ డిఫెండర్ వచ్చి మీద పడకపోతే రైడర్ గీత దాటేస్తాడు. పట్టు ఎంత బాగున్నా, రెండోవాడు ఎక్కడినుంచి బయలుదేరాడన్నది ముఖ్యం.

మన టోర్నమెంట్లు ఆడేది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్స్‌తో కాబట్టి ఈ ఏర్పాటు మనకి ఇంకా సులువు. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాయని డిఫెండర్ రింగ్ ముందున్న పెయింట్‌లో మూడు సెకన్లకు మించి ఉండకూడదు. ఫిబాలో డిఫెన్స్‌కి ఆ రూల్ లేదు. మీ జట్టులో పొడుగాటి, కాస్త నెమ్మదైన సెంటర్ ఉంటే అతన్ని బెంచ్ మీదకు పంపకండి, రింగ్ దగ్గర ఉంచే పని ఇవ్వండి.

ఇక పేర్లు మార్చక తప్పని సందర్భం. నలుగురు గట్టివాళ్లు, ఒకడు బలహీనుడు అయితే, తెలివైన జట్టు ఆ ఒక్కడి కోసమే వెతుకుతుంది. అతను కాసే మనిషి చేత స్క్రీన్ పెట్టించి, స్విచ్ చేయించి, తమ మంచి స్కోరర్‌ని అతని ముందు నిలబెడుతుంది. అప్పుడు మిగతా నలుగురూ సాయానికి పరుగెత్తాలి, వాళ్ల మనుషులు ఖాళీ అయిపోతారు. సెల్టిక్స్ 2022 ఫిబ్రవరిలో చేసింది ఈ రంధ్రం పూడ్చడమే. డెనిస్ ష్రోడర్‌ని ఒక ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో పంపేశారు, ఇంకో ట్రేడ్‌లో డెరిక్ వైట్‌ని తెచ్చుకున్నారు. వైట్ ఎక్కువగా బెంచ్ నుంచే వచ్చాడు. కానీ సబ్‌స్టిట్యూషన్ జరిగినా స్విచ్ చేసే పద్ధతి చెదరలేదు. మొదటి ఐదుగురి డిఫెన్స్ గురించి అంత ఆలోచించే మనం, ఆరోవాడు, ఏడోవాడు దిగినప్పుడు ఏమవుతుందో ఎందుకు చూడం? చాలా మ్యాచ్‌లు పోయేది అక్కడే.

ఒక హెచ్చరిక. షూట్ చేయలేని డిఫెండర్లని ఎక్కువమందిని ఒకేసారి దింపితే మన అటాక్ ఇరుకైపోతుంది. బంతులు పోతాయి, ఎదుటివాళ్లు ఫాస్ట్ బ్రేక్‌లో వచ్చేస్తారు. అప్పుడు ఎంత మంచి డిఫెండరైనా వెనక్కి చేరేలోపే బంతి బుట్టలో పడిపోతుంది.

మార్పు పనిచేసిందో లేదో స్కోరు చూసి తేల్చకండి. ఆట వేగంగా సాగితే ఇద్దరికీ పాయింట్లు పెరుగుతాయి. అందుకే ఎదుటి జట్టుకి బంతి దొరికిన ప్రతి 100 సార్లకి ఎన్ని పాయింట్లు ఇచ్చామో లెక్కేయాలి. అందులోనూ, రెండు మూడు మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లు దూరం నుంచి వేసిన త్రీ పాయింటర్లు ఎన్ని పడ్డాయన్నది చాలావరకు అదృష్టం. ఎన్ని పడ్డాయో కాకుండా ఎన్ని వేయనిచ్చాం, ఎంత ఖాళీగా వేయనిచ్చాం, రింగ్ దగ్గర ఎన్ని ఇచ్చాం అని రాసుకోండి.

చివరిగా, బెంచ్ మీదకు వెళ్లే ఆటగాడి సంగతి. ఆండ్రే ఇగ్వడాలా 2014-15 సీజన్‌కి ముందు తన కెరీర్‌లో ఆడిన 758 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లూ మొదటి ఐదుగురిలోనే మొదలుపెట్టాడు. 2014-15లో గోల్డెన్ స్టేట్ కోచ్ స్టీవ్ కెర్ అతన్ని బెంచ్ నుంచి ఆడమన్నాడు, ఒప్పుకున్నాడు. ఆ ఏడాది ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో జట్టు 2-1తో వెనకబడినప్పుడు, నాలుగో మ్యాచ్‌కి కెర్ సెంటర్ బోగట్‌ని తప్పించి ఇగ్వడాలాని మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. ఎదుటి జట్టు స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ని కాసే పని ఇచ్చాడు. 103-82తో ఆ మ్యాచ్, తర్వాతి రెండూ గెలిచారు. ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడు ఇగ్వడాలాయే. అదే మ్యాచ్‌లో బోగట్ కూడా ఒక మంచి డిఫెండర్ అయి ఉండీ చోటు వదులుకున్నాడు, అది మరిచిపోకూడదు.

మీరు ఎవరినైనా తప్పించాల్సి వస్తే జాబితా బయటికి రాకముందే అతన్ని పక్కకి పిలిచి చెప్పండి. ఏ క్వార్టర్‌లో దిగుతాడో, ఎవరిని కాయాలో కూడా చెప్పండి.

ఇప్పుడు బోర్డు మీద విలియమ్స్ నిలబడిన కార్నర్ గీసి చూపిస్తాను. అడగాల్సినవి అడగండి.