వెనక్కి రాని బంటు

అందరికీ నమస్కారం. చదరంగం నేర్పేటప్పుడు మనం రాజుతో మొదలుపెడతాం. రాజు ఎటైనా ఒక్క గడి. ఏనుగు నిలువుగా, అడ్డంగా. శకటు, కొందరు ఒంటె అంటారు, అది ఐమూలగా. మంత్రికి ఈ రెండు దారులూ ఉన్నాయి. గుర్రం రెండు గళ్లు వెళ్లి పక్కకు ఒకటి తిరుగుతుంది, మధ్యలో ఎవరున్నా దూకేస్తుంది. ఇంతసేపూ చెప్పి, పిల్లలకు ఓపిక అయిపోయాక బంటు దగ్గరికొస్తాం. అన్నిటికంటే చిక్కు నియమాలున్నది దానికే! అందుకని ఈరోజు నేను బంటు గురించే మాట్లాడతాను.

మిగతా పావులకు నడకా, కొట్టడమూ ఒకటే దారి. బంటు మాత్రం నేరుగా నడుస్తుంది, ముందున్న ఐమూల గడిలో కొడుతుంది. అందుకే ఎదురెదురుగా ఆగిన రెండు బంట్లు ఒకదాన్నొకటి ఏమీ చేయలేవు, అలా ముఖాలు చూసుకుంటూ ఉండాల్సిందే. పైగా దానికి వెనకడుగు లేదు. గుర్రాన్ని పొరపాటున పంపితే ఒక ఎత్తు నష్టపోయి వెనక్కి తెచ్చుకుంటాం. బంటును తోశామా, ఇక అంతే.

మొదటిసారి కదిలేటప్పుడు అది రెండు గళ్లు వెళ్లొచ్చు. పాత ఆటలో ఈ వెసులుబాటు లేదు, ఆట వేగం కోసం తర్వాత వచ్చింది. దానితో ఒక తగువు కూడా వచ్చింది. బోర్డు మీద నిలువు వరుసలకు తెల్లవాళ్ల ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ వరకు అక్షరాలు, అడ్డ వరుసలకు తెల్లవైపు నుంచి 1 మొదలు 8 వరకు అంకెలు. తెల్ల బంటు ఇ5లో ఉంది, నల్ల బంటు డి7 నుంచి ఒకేసారి డి5కి వచ్చిందనుకోండి. డి6లో ఆగి ఉంటే దెబ్బ తినేది, తప్పించుకుపోయింది. దీనికి విరుగుడే ఎన్ పాసాంట్: అది డి6లోనే ఆగినట్టు లెక్కగట్టి తెల్ల బంటు డి6లోకి వెళుతుంది, డి5లోని నల్ల బంటును బోర్డు మీంచి తీసేస్తారు. అయితే వెంటనే కొట్టాలి. ఒక్క ఎత్తు ఆగితే ఆ హక్కు పోయినట్టే.

ఇక చివరి వరుస. అక్కడికి చేరిన బంటు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రాల్లో ఏదో ఒకటి కావాలి. బంటుగా ఉండిపోతానంటే కుదరదు. పాత ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడే నడిచేది కాబట్టి ఈ పదోన్నతికి పెద్ద విలువ లేదు. 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో మంత్రికి ఇప్పటి బలం వచ్చాకే బంటుకు దశ తిరిగింది. మొదటి మంత్రి బతికే ఉన్నా రెండోదాన్ని తెచ్చుకోవచ్చు. రెండో మంత్రి చేతికి దొరక్క ఏనుగును తలకిందులుగా పెట్టడం ఇళ్లల్లో మామూలే. పోటీల్లో మాత్రం అది ఏనుగే. 2017 కెనడా ఛాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో ఒక ఆటగాడు అలా పెట్టి, ఏనుగుతోనే ఆడాల్సొచ్చి ఓడిపోయాడు.

కావాలనే ఏనుగును కోరుకునే సందర్భమూ ఉంది. 1895లో సావెద్రా అనే మతగురువు గ్లాస్గోలో కనిపెట్టిన ఎత్తు అది. ఈ బోర్డు చూడండి. తెల్ల రాజు సి2, బంటు సి7. నల్ల రాజు ఏ1, ఏనుగు డి4. తెల్లవాళ్ల ఎత్తు. బంటు సి8కి వెళ్లి మంత్రి అయితే, నల్ల ఏనుగు సి4కి వచ్చి చెక్ చెబుతుంది, అంటే రాజు మీద దాడి చేస్తుంది. కొట్టకపోతే మంత్రి పోతుంది. కొడితే నల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు: స్టేల్‌మేట్, ఆట డ్రా.

ఏనుగును తీసుకుంటేనో? అది ఏ8కి వెళితే ఆటకట్టు, అంటే నల్ల రాజు తప్పించుకోలేని చెక్. అదీ బెదిరింపు. నల్ల ఏనుగు ఏ4కి వెళ్లి అడ్డుకోవాలి, వేరే దారి లేదు. అప్పుడు తెల్ల రాజు బి3లోకి అడుగేస్తుంది. ఇటు ఏనుగు మీద దాడి, అటు సి1లో ఆటకట్టు. నల్లవైపు ఎవరైనా వచ్చి కూర్చోండి, ఈ రెండింటినీ ఎలా కాచుకుంటారో చూద్దాం.