చెక్క చెక్కినవాడి గాజు: టాపియో విర్కాలా, అల్టిమా తూలే

నమస్తే అండీ. ఇదిగో, ఈ గ్లాసుని కెమెరాకి కాస్త దగ్గరగా పెడుతున్నాను. ఒళ్ళంతా చూడండి. మంచు కరిగి కిందికి జారుతూ మధ్యలో ఆగిపోయినట్టు ఉంది కదా? అడుగున చిన్న చిన్న కాళ్ళు, అవీ చుక్కలు సాగినట్టే. దీని పేరు అల్టిమా తూలే. ఫిన్లాండ్‌లోని ఈట్టలా గాజు ఫ్యాక్టరీ 1968లో బయటికి తెచ్చింది. డిజైన్ టాపియో విర్కాలాది.

దీని గురించి ఎవరు మాట్లాడినా ఒకటే కథ చెబుతారు: ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న లాప్లాండ్‌లో మంచు కరగడం చూసి ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని. అబద్ధమేం కాదు. కానీ ఆ దేశంలో మంచు కరగడం ఏటా అందరూ చూసేదే. చూసినదాన్ని గాజులోకి ఎలా దించాడన్నదే నాకు ముఖ్యం. నన్నడిగితే ఇది గాజు పనివాడి బుర్రలోంచి వచ్చింది కాదు, చెక్క చెక్కేవాడి చేతిలోంచి వచ్చింది.

విర్కాలా 1915లో హాంకో అనే రేవు పట్నంలో పుట్టాడు. హెల్సింకీలో చదువుకున్నది శిల్పం. 1946లో ఈట్టలా వాళ్ళు ఒక డిజైన్ పోటీ పెడితే మొదటి బహుమతి ఇద్దరికి వచ్చింది: ఒకరు విర్కాలా, ఇంకొకరు కాయ్ ఫ్రాంక్. ఫ్రాంక్ గురించి విడిగా చెప్పాలి, ఆయన దారే వేరు. నగిషీ లేకుండా, గీతకి గీత సరిపోయే సాదా గ్లాసులు ఆయనవి. విర్కాలా మాత్రం అప్పటి నుంచి ఈట్టలాకి పనిచేస్తూనే ఉన్నాడు, 1985లో పోయేదాకా.

మొదట్లోనే ఆయనకి పేరు తెచ్చింది కాంటరెల్లి అనే పూలకూజా. అడవిలో దొరికే పుట్టగొడుగు ఆకారం. పైఅంచు విచ్చుకుని పల్చగా అలలా తిరుగుతుంది. పుట్టగొడుగు అడుగున ఉండే చారల్లాగా, గాజు మీద కింది నుంచి పైదాకా సన్నని గీతలు కోసి ఉంటాయి. అందంగానే ఉంటుంది, మ్యూజియంలో పెట్టాల్సిందే. కానీ అది చూసి మెచ్చుకునే వస్తువు. అల్టిమా తూలేలో మంచినీళ్ళు తాగొచ్చు. నా ఓటు దీనికే.

ఆ రోజుల్లో ఫిన్లాండ్ పరిస్థితి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి, కరేలియా ప్రాంతం పోగొట్టుకుని, సోవియట్ యూనియన్‌కి 1952 దాకా నష్టపరిహారం కట్టిన దేశం అది. ఆ సమయంలో, 1951లో, ఇటలీలో మిలాన్ ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో విర్కాలాకి ఏకంగా మూడు గ్రాండ్ ప్రీలు, అంటే అగ్ర బహుమతులు, వచ్చాయి. 1954లో ఇంకో మూడు. ఫిన్లాండ్ అంటే డిజైన్ అని బయటి ప్రపంచం అనుకోవడం ఇలాంటి వాటితోనే మొదలైంది.

1951లోనే ఆయన చేసిన ఇంకో వస్తువు ఉంది. ఆకు ఆకారంలో ఒక పళ్ళెం. బర్చ్ అనే చెట్టు చెక్కని పల్చని పొరలుగా అతికించి, ఆ దిమ్మని వాలుగా చెక్కుకుంటూ పోతే పొరల అంచులు ఒక్కొక్కటిగా బయటపడి ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. రంగు వెయ్యలేదు, గీత గియ్యలేదు. కత్తి ఎంత లోతుకి దిగిందన్నదే డిజైన్. అమెరికాలో హౌస్ బ్యూటిఫుల్ పత్రిక ఆ ఏడాదికి అత్యంత అందమైన వస్తువు అని దీన్ని ఎంచింది. ఈ పళ్ళెం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అల్టిమా తూలే కూడా కత్తి లోతుల కథే.

ఇప్పుడు గాజుకి ఆకారం ఇచ్చే అచ్చు దగ్గరికి వద్దాం. మామూలుగా గాజు ఊదేవాళ్ళు చెక్క అచ్చుని నీళ్ళలో నానబెడతారు. ఎర్రగా కాలే గాజు ముద్ద అందులోకి వెళ్ళగానే ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి పొర మీద గాజుని గుండ్రంగా తిప్పుతూ ఊదితే నున్నగా, అతుకు గీత కనపడకుండా వస్తుంది. కానీ తిప్పితే అచ్చులో ఉన్న చెక్కడం గాజు మీద పడదు. ఇలాంటి మంచు గరుకు కావాలంటే గాజు కదలకుండా ఊదాలి. అచ్చు అన్నిసార్లూ ఆ వేడిని తట్టుకోవాలి.

ఈట్టలాలోనే పనిచేసిన టిమో సర్పనేవా దీనికి ఇంకో దారి పట్టాడు. ఆయన ఫిన్లాండియా కూజాల్ని చెక్క అచ్చులోనే ఊదించాడు. ఊదిన ప్రతిసారీ అచ్చు లోపల ఇంకాస్త కాలుతుంది, అందుకే ఏ రెండు కూజాలూ ఒకేలా ఉండవు. వినడానికి బాగుంది కానీ, ఇంటింటికీ వెళ్ళాల్సిన గ్లాసుల సెట్‌ని అలా చెయ్యలేరు కదా.

విర్కాలా గ్రాఫైట్ తీసుకున్నాడు. పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే. వేడికి కరగదు, గాజు దానికి అంటుకోదు, ముఖ్యంగా పనిముట్టుతో చెక్కొచ్చు. మంచు గరుకునంతా ఆ అచ్చులో తన చేత్తోనే చెక్కాడు. సంక్రాంతికి పంచదార చిలకలు పోసే చెక్క అచ్చు చూశారు కదా, అందులో గుంట ఉన్నచోట చిలకకి ఉబ్బు వస్తుంది. ఇక్కడా అంతే, అన్నీ తిరగేసి ఆలోచించాలి. పైగా గాజు చిక్కటి పాకం, సన్నటి గాడిలోకి పూర్తిగా దిగదు, అంచుల్ని తనంతట తానే గుండ్రం చేసేస్తుంది. కావాల్సినదానికంటే ఎంత లోతు ఎక్కువ చెక్కితే గాజు మీద సరిగ్గా వస్తుంది? కాగితం మీద గీస్తే తెలిసేది కాదు అది. చెక్కి, ఊది, చూసి, మళ్ళీ చెక్కాలి. దీనికి వేల గంటలు పట్టిందని ఈట్టలా వాళ్ళే చెబుతారు.

1969లో ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ న్యూయార్క్ విమానాలు మొదలుపెట్టినప్పుడు అందులో ఈ గ్లాసులే పెట్టారు. ఇప్పటికీ వాళ్ళ బిజినెస్ క్లాసులో కనిపిస్తాయి. 1970లో వచ్చిన ఫిన్లాండియా వోడ్కా సీసా కూడా ఆయన డిజైనే, అదే మంచు చర్మం. ఇంకా కత్తులు, వెనిస్ పక్కన మురానోలో వెనీని కంపెనీకి రంగు సీసాలు, ఆఖరికి ఫిన్లాండ్ కరెన్సీ నోట్లు కూడా చేశాడు. ఆ లిస్టు చదివితే ఈ వీడియో అవ్వదు.

సరే, పాతవి కొనాలనుకునేవాళ్ళకి. అల్టిమా తూలే ఇవాళ్టికీ తయారవుతోంది. కాబట్టి అమ్మేవాళ్ళు "వింటేజ్" అన్నంత మాత్రాన నమ్మెయ్యకండి. కళాఖండాలుగా చేసినవాటి అడుగున విర్కాలా పేరు గాజులోనే గీసి ఉంటుంది. రోజువారీ గ్లాసుల మీద ఎక్కువగా స్టిక్కరే, అదీ కడిగితే పోతుంది. మరి ఏం చూడాలి? కాళ్ళ అడుగున అరుగుదల చూడండి. నిజంగా వాడిన గ్లాసుకి గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఒకే వరసలో ఉంటే ఎవరో రుద్దారని అర్థం. కాళ్ళ చివర్లు, పైఅంచు వేలితో తడిమి చూడండి, చిన్న పెచ్చు లేచినా గరుకు మధ్యలో కంటికి ఆనదు.

1970ల్లో ఈ ఐసు ఫ్యాషన్ అంతటా పాకింది, దీన్ని పోలినవి చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ వాటికి గరుకు ఒకే లోతులో, వాల్‌పేపర్ అంటించినట్టు ఉంటుంది. విర్కాలా గ్లాసులో ధార ఒకచోట లావై, ఒకచోట సన్నమై, కింద కాలులోకి వెళ్ళి కలుస్తుంది. ఒకసారి చేత్తో పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

డిష్‌వాషర్‌లో ఏళ్ళ తరబడి తిరిగి పొగ పట్టినట్టు అయిపోయిన గాజుని మాత్రం కొనకండి. మరక అయితే వెనిగర్‌తో పోతుంది. గాజు పైపొరే తినేసి ఉంటే ఏం రుద్దినా రాదు.

వచ్చే వీడియో విర్కాలా భార్య రుత్ బ్రూక్ మీద. ఆవిడ అరబియా ఫ్యాక్టరీలో చేసిన సెరామిక్ పలకల్ని చాలామంది "విర్కాలా గారి భార్య పని" అని దాటేస్తారు. నాకు దాని మీద కొంచెం కోపం ఉంది, అప్పుడు మాట్లాడదాం.