చేతికి తెలిసే ఇంజిన్: యమహా ఆర్1, దాని పోటీ బళ్లు

అందరికీ నమస్కారం.

పిలిచింది మెకానికల్ విద్యార్థులు కాబట్టి అంకెలతోనే మొదలుపెడతాను. ఇవన్నీ రేసు తరహా పెద్ద బైకులు. 2010 మోడల్ బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్ పవర్ 193 హార్స్‌పవర్. అంతకు ఏడాది ముందు వచ్చిన యమహా ఆర్1ది సుమారు 180. పెట్రోల్‌తో కలిపి రెండూ దాదాపు 206 కిలోలు. అప్పటి హోండా సీబీఆర్1000ఆర్‌ఆర్ 199 కిలోలే. కాగితం మీద ఆర్1కి బీఎండబ్ల్యూ అంత పవర్ లేదు, హోండా అంత తేలికా కాదు. అయినా మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు ఏ బండి మీద ధైర్యంగా ఉంటావంటే నేను ఆర్1 పేరే చెబుతాను. ఆ ధైర్యం ఎక్కడిదో చూద్దాం.

మన రైడర్లు చాలామంది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తుంటారు. అక్కడ ఒక మలుపులో ఉన్నారనుకోండి. బండి పూర్తిగా వంగి ఉంది, మోకాలు తారుకు రాసుకుంటోంది. వెనక టైరు నేలకు ఆనే జాగా అరచేయంత కూడా లేదు. గ్రిప్‌లో ఎక్కువ భాగం బండిని మలుపులో నిలబెట్టడానికే సరిపోతోంది. ఇప్పుడు థ్రాటిల్ కొద్దిగా తెరవాలి. ఎంత తెరవాలి? మిగిలిన గ్రిప్ ఎంతో తెలిస్తేనే చెప్పగలం. ఆ సంగతి మనకు చేరేది సీటు నుంచి, ఫుట్‌రెస్టుల నుంచి, కుడి చేతి నుంచి. మీటర్ వైపు చూసే తీరిక ఉండదు.

మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైన ఉంటే రెండు కింద ఉంటాయి. నాలుగూ ఒకేసారి ఆగుతాయి, ఒకేసారి పరుగెత్తుతాయి. ఆగినప్పుడు వాటి శక్తి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌లోకి వెళ్తుంది, కదిలేటప్పుడు మళ్లీ క్రాంక్ నుంచే లాక్కుంటాయి. దాంతో క్రాంక్ ఒక్క చుట్టులోనే రెండుసార్లు ఉరికి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పెట్రోల్ మండి వచ్చిన తోపుతో దీనికి సంబంధం లేదు, ఇది కేవలం పిస్టన్ల బరువు వల్ల వచ్చేది. ఆర్‌పీఎం రెట్టింపైతే ఈ ఒడిదుడుకు నాలుగింతలవుతుంది. మనం థ్రాటిల్‌తో అడిగిన తోపు ఈ గోలలో కలిసిపోతుంది. రద్దీ బస్టాండులో ఫోన్ మాట్లాడినట్టే: అవతలి మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, మనకే సరిగ్గా వినబడదు.

ఆర్1లో యమహా, పిస్టన్ల కడ్డీలు క్రాంక్‌కు తగిలే పిన్నులను 90 డిగ్రీల తేడాతో పెట్టింది. ఒక పిస్టన్ ఆగే వేళకు ఇంకొకటి దాదాపు పూర్తి వేగంలో ఉంటుంది. ఒకటి ఇచ్చింది ఇంకొకటి తీసుకుంటుంది, ఒడిదుడుకు చాలావరకు వాటిలో అవే సర్దుకుంటుంది. ఇక వెనక చక్రానికి చేరేది మండిన పెట్రోల్ తోపే. మీరు వేలు మందం తిప్పితే టైరుకు అంతే అందుతుంది, అది అందినట్టు మీకూ తెలుస్తుంది. ఫైరింగ్, అంటే సిలిండర్లలో పెట్రోల్ మండడం, 270, 180, 90, 180 డిగ్రీల ఎడంతో జరుగుతుంది కాబట్టి శబ్దం కూడా వీ4లా, అంటే సిలిండర్లు వీ ఆకారంలో ఉన్న ఇంజిన్‌లా గరగరలాడుతుంది. ఆ శబ్దం నాకు చాలా ఇష్టం.

ఇది ముందు రేసుల్లో పుట్టింది. 2004 మోటోజీపీ అనే ప్రపంచ బైక్ రేసుల సిరీస్ కోసం యమహా ఇంజినీర్ మసావో ఫురుసావా బృందం ఎం1 రేసు బండికి ఈ క్రాంక్ పెట్టింది. అప్పుడే హోండా వదిలి వచ్చిన వాలెంటినో రోసీ దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో మొదటి రేసే గెలిచాడు, ఆ ఏడాది టైటిలూ గెలిచాడు. 1992లో వేన్ రైనీ తర్వాత ఆ టాప్ క్లాసులో యమహా రైడర్‌కు అదే మొదటి టైటిల్. 2009లో రోడ్డు మీదకొచ్చిన ఆర్1తో బెన్ స్పీస్ తన మొదటి సీజన్‌లోనే రోడ్డు బళ్లను రేసుకు మలిచి పోటీపడే వరల్డ్ సూపర్‌బైక్ టైటిల్ కొట్టాడు.

దీనికి మూల్యం లేకపోలేదు. ఈ క్రాంక్ ఇంజిన్‌ను అటూ ఇటూ ఊపుతుంది. ఆ ఊపును అణచడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ కావాలి, అది అదనపు బరువు. స్ట్రెయిట్‌లో బీఎండబ్ల్యూ ముందుకెళ్లిపోతుంది, అందులో వాదనే లేదు. పైగా బీఎండబ్ల్యూకి, వంపును గుర్తించి వెనక చక్రం జారకుండా పవర్ తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆప్షన్‌గా దొరికేది. ఆర్1కి ట్రాక్షన్ కంట్రోల్ 2012లో గానీ రాలేదు. వర్షంలో నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇక సీటు కింద సైలెన్సర్లున్న 2009 ఆర్1 మీద మండుటెండలో సిగ్నల్ దగ్గర ఆగితే తొడలు కాలిపోతాయి. మలుపులు తిరుగుతూ చకచకా వెళ్లడమే కావాలంటే హోండాయే హాయి.

2018లో డుకాటీ పానిగాలే వీ4తో ఇంకో దారి పట్టింది. 1103 సీసీ, 214 హార్స్‌పవర్. దాని క్రాంక్ చక్రాలకు ఎదురు దిశలో తిరుగుతుంది. తిరిగే చక్రాలు బండిని నిటారుగా పట్టి ఉంచే బలాన్ని అది కొంత తగ్గిస్తుంది. అందుకే ఎడమ నుంచి కుడికి బండిని పడేయడం తేలిక, గట్టిగా రేజ్ చేసినా ముందు చక్రం తక్కువ లేస్తుంది. ఎంత వంచినా ఇంకా వంచమన్నట్టుంటుంది. అద్భుతమైన బండి. కానీ అలసిపోయినప్పుడు నేను నమ్మేది మాత్రం ఆర్1నే.

ఇవి లక్షల బళ్లు, మాకెక్కడ దొరుకుతాయి అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. నిజమే. కానీ ఇదే సూత్రం మన రోడ్ల మీద రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650లో ఉంది. రెండు సిలిండర్లు, 270 డిగ్రీల క్రాంక్, అంటే రెండు పిన్నుల మధ్య అదే 90 డిగ్రీల తేడా. కవాసాకీ నింజా 650లో మాత్రం 180 డిగ్రీల క్రాంక్: ఒకటి పైన, ఒకటి కింద, రెండూ ఒకేసారి ఆగుతాయి. రెండూ నడిపే అవకాశం దొరికితే పైకి ఎక్కే ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో మెల్లగా వెళ్తూ, థ్రాటిల్ కొంచెం కొంచెంగా తెరవండి. హెల్మెట్, గ్లోవ్స్, రైడింగ్ బూట్లు లేకుండా వద్దు. వెనక చక్రం తోపు ఏ బండి మీద ఎలా తెలిసిందో రాసుకుని రండి. అప్పుడు క్రాంక్ డ్రాయింగ్ బోర్డు మీద వేసి, మీ నోట్సు పక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.