సోయా తీశాక ఆ చేలో ఏం వేయాలి?

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఆదిలాబాద్‌లోనో బీదర్ పక్కనో ఉన్న పొలం గురించి ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఈ నాలుగు మాటలు ముందు మీ కోసమే.

సోయా వేస్తే భూమికి బలం, తరువాతి పంటకు యూరియా అక్కర్లేదు అంటుంటారు. అందులో నిజం సగమే. సోయా గింజలో దాదాపు 40 శాతం మాంసకృత్తులు. మాంసకృత్తులు తయారయ్యేది నత్రజనితోనే, యూరియా ఇచ్చేదీ ఆ నత్రజనినే. అంటే క్వింటాలు గింజలు మార్కెట్‌కు తోలితే 6 కిలోలకు పైగా నత్రజని పొలం దాటిపోయినట్టే. భూమికి మిగిలేది రాలిన ఆకు, వేళ్లు, నూర్చగా వచ్చిన పొట్టు. ఆ పొట్టుకూ గట్టు మీదే నిప్పు పెడుతున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని చేలోనే పరవండి, లేదా పెంటకుప్పలో వేయండి.

పూత సమయంలో ఒక సోయా మొక్కను మట్టితో సహా మెల్లగా పెకలించండి. వేళ్ల మీది బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా కనిపించాలి. అప్పుడే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే పనిచేయడం లేదు. వచ్చే ఏడు విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే ఆ బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా మందు, తప్పకుండా పట్టించాలి, నీడలోనే ఆరబెట్టాలి.

ఇక తరువాతి పంట. నీళ్లుంటే గోధుమ, మధ్యప్రదేశ్ రైతులు వేసేది అదే. నీళ్లు లేని నల్లరేగడిలో శనగ మిగిలిన తేమతోనే పండుతుంది, ఖర్చూ తక్కువే. కానీ ఏటా సోయా, శనగ, మళ్లీ సోయా అంటూ పోతే రెండింటినీ పట్టే కుళ్లు తెగులు మట్టిలోనే తిష్ట వేస్తుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి వానాకాలంలో సోయా మాని జొన్నో మొక్కజొన్నో వేయాలి.

వాన మీదే ఆధారపడినవాళ్లకు నేను గట్టిగా చెప్పేది సోయాలో కంది. నాలుగు సాళ్లు సోయా, రెండు సాళ్లు కంది. సోయా మూడు నెలలు దాటగానే ఇంటికొస్తుంది. కంది లోతుకు వేరు దించి, ఆకు రాలుస్తూ యాసంగి దాకా నిలబడుతుంది. మధ్యలో వాన మొహం చాటేసినా ఒక పంటైనా చేతికి దక్కే అవకాశం ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల రాగి చేలల్లో అనప, కంది సాళ్లు వేసే పాత అలవాటు వెనకా ఈ ఆలోచనే ఉంది.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ధర ఒక్కటే అడగకండి. ఏ చేలో గత మూడేళ్లు ఏమేం వేశారో అడిగి రాసుకోండి. విత్తనాలు కొనకముందే ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.