ఆ పలకల కింద గడ్డి ఎవరిది?

(అక్షయ ఊర్జా దినోత్సవం సందర్భంగా హిందూపురంలో ఒక కళాశాల సభలో విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు గారికి, ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నా గురించి మంచి మాటలు చెప్పినవాళ్ళందరికీ కృతజ్ఞతలు. శాలువాలు, పూలదండలు అయ్యేసరికే చాలా పొద్దుపోయింది కాబట్టి మర్యాదలు ఇంతటితో ఆపి విషయానికొస్తాను.

ఆగస్టు 20 రాజీవ్ గాంధీ పుట్టినరోజు. 2004 నుంచి దేశమంతా ఈ రోజును అక్షయ ఊర్జా దినోత్సవంగా జరుపుకుంటోంది. నాకిచ్చిన అంశం పునరుత్పాదక ఇంధన వనరులు, వాటి వాడకంలో సమస్యలు. ఎండ, గాలి, నీరు, జీవపదార్థం అని నాలుగు భాగాలుగా కాగితం రాసుకొచ్చాను. ఎంతవరకు చదువుతానో చూద్దాం.

ముందుగా ఒక మాట. నేను సౌర విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. కరెంటాఫీసులో హెల్పరుగా చేరి, స్తంభాలెక్కి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. సేద్యానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజులు చూశాను. అర్ధరాత్రి త్రీఫేజు వస్తుందంటే రైతు టార్చిలైటు పట్టుకుని చేనికి పోయేవాడు. మోటరు లేవకపోతే తడిచేత్తోనే స్టార్టరు పెట్టె తెరిచేవాడు. ఫ్యూజు పోతే మేం వచ్చేదాకా ఆగలేక తనే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయేవాడు. గట్టు మీద పాము కరిచి పోయినవాళ్ళున్నారు, షాకు కొట్టి పోయినవాళ్ళున్నారు. తెల్లారి ఆ ఇళ్ళకు రిపోర్టు రాసుకోవడానికి పోవాల్సింది మేమే. ఆ ఇంటి ఆడవాళ్ళు మా ఖాకీ చొక్కా వైపు చూసిన చూపు నేను ఈ జన్మలో మరిచిపోలేను. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో పగలే తొమ్మిది గంటలు మోటర్లకు కరెంటు ఇస్తున్నామంటే, మధ్యాహ్నం ఎండకు పుట్టే కరెంటు దానికి పెద్ద ఆసరా. ఆ ఒక్క కారణానికైనా నేను సూర్యుడికి దండం పెడతాను. అందుకే ఇప్పుడు చెప్పబోయేది శత్రువు మాటగా తీసుకోవద్దు. ఇంట్లోవాడి మాటగా వినండి.

సమస్యలు అనగానే పుస్తకాల్లో మొదట రాసేది నిల్వ గురించి. ఎండ పన్నెండింటికి మండుతుంది, మన వాడకం సాయంత్రం ఆరు దాటాక పెరుగుతుంది. మధ్యాహ్నం మిగిలిన కరెంటును రాత్రికి ఎట్లా దాచాలి? కొత్త ప్రశ్నేం కాదు ఇది. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ వెనక్కి తిరిగే టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి ఎక్కిస్తాయి, కావలసినప్పుడు అవే నీళ్ళు దించి కరెంటు తీస్తాయి. కర్నూలు వైపు పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఈ లెక్కలోదే. బ్యాటరీల ధరలూ దిగివస్తున్నాయి. ఇంజనీరింగు చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆ సంగతి మీరు చూసుకోగలరు. డబ్బు, తెలివి పెడితే తీరే సమస్య అది. దాని గురించి నాకు దిగులు లేదు.

నా దిగులు వేరే ఉంది. కాగితం పక్కన పెడుతున్నాను, అధ్యక్షులు గారు మన్నించాలి.

మనకు పక్కనే పావగడ. పేరుకు కర్ణాటక, తుమకూరు జిల్లా. చుట్టూ దాదాపు అంతా మన రాష్ట్రమే. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు. మీలో సగం మందికి అక్కడ మేనత్తలో మేనమామలో ఉంటారు. ఆ తాలూకాలో నాగలమడిక హోబళి ఉంది. హోబళి అంటే కొన్ని ఊళ్ళ గుంపు. ఉత్తర పెన్న అక్కడ కాస్త కన్నడ నేల తాకి మళ్ళీ మన వైపు వస్తుంది. పెన్న అంటే ఇసుక అని మీకు తెలుసు. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడితే ఫ్లోరైడు. తిరుమణి, వళ్ళూరు, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు. ఈ ఊళ్ళ చుట్టూ 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. పేరు శక్తి స్థల. 2018 మార్చిలో ప్రారంభం చేశారు, 2019 డిసెంబరుకు పూర్తి సామర్థ్యానికి వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్ద పార్కుల్లో ఒకటని పేపర్లన్నీ రాశాయి.

అక్కడ చేసిన ఒక పని నిజంగా మెచ్చుకోదగ్గది. రైతు దగ్గర భూమి కొనలేదు, బలవంతంగా సేకరించలేదు. కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. పాతికేళ్ళు దాటే ఒప్పందం. శెనక్కాయ వేసి, వాన మొగం చాటేస్తే పెట్టుబడి కూడా చేతికిరాని నేలకు ఎకరాకు 21,000 అంటే చిన్న మాట కాదు. పదెకరాలున్న రైతుకు రెండు లక్షల పైచిలుకు, కరువొచ్చినా రాకపోయినా. ఆ డబ్బుతో పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు, అప్పులు తీర్చినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు మేలు జరిగింది, సంతోషం.

మరి భూమి లేనివాళ్ళ సంగతి?

మా చిన్నమ్మది ఆ పార్కు అంచునున్న ఒక ఊరు. పేరు చెప్పను. సెంటు భూమి లేదు. చిన్నాయన పోయినాక ఒంటిచేత్తో ఇద్దరు బిడ్డల్ని పెంచింది. దేంతో పెంచింది? కలుపు తీసింది, శెనక్కాయ పీకింది, చేన్లో రాలిన కాయ ఏరింది. వేసవిలో ఇంటి అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయ బుడ్డలు ఒలిచింది. దానికి తోడు కాసిని గొర్రెలు. ఊరి బీడు, కోత అయిపోయిన చేన్లు, వంక గట్లు, ఇవే వాటి మేత. ఆ చేలు ఆమెవి కావు. కానీ ఆ చేల మీదే ఆమె బతికింది.

కౌలు పత్రాల మీద సంతకాలైనాయి. గట్లు చదును చేశారు, చెట్లు కొట్టారు, కంచె వేశారు. కంచె లోపల మేత పోయింది, పని పోయింది. చుట్టూ తిరిగి అవతలి బీడుకు పోవాలంటే గొర్రెలు సగం దారిలో సొమ్మసిల్లేవి. ఒక్కొక్కటే సంతకు తోలి అమ్మేసింది. సోలార్ పలకల కింద గడ్డి కోసే పని ఉందంటే కాంట్రాక్టరు మనిషి దగ్గరికి పోయింది. వయసు మీరిందన్నారు. ఆమె చెల్లెలి కోడలికి ఆ పని దొరికింది, కొడుక్కి కొన్నాళ్ళు వాచ్‌మన్ పని దొరికింది. ప్యానెళ్ళు బిగించేటప్పుడు వందల మందికి పని ఉంటుంది. బిగించడం అయిపోయాక కొద్దిమందే చాలు, అది ఆ సాంకేతికత స్వభావం.

ఒకసారి మా ఇంటికి వచ్చి భోజనం దగ్గర అడిగింది. "నువ్వు కరెంటోనివి గదరా నాయనా, ఆ పలకల కింద మొల్చే గడ్డి ఎవురిది?"

పిల్లలూ, ఈ ప్రశ్న మీరు నెమరు వేసుకోండి. భూమి రైతుది. పలకలు కంపెనీవి. కరెంటు గ్రిడ్‌ది. గడ్డి ఎవరిది? కూలి పెట్టి కోయించి పారబోస్తున్న గడ్డి అది. ఆస్ట్రేలియాలో, అమెరికాలో సోలార్ ప్యానెళ్ళ కింద గొర్రెల్ని మేపుతున్నారు. గడ్డి కోసే ఖర్చు తగ్గుతుంది, గొర్రెలకు నీడ దొరుకుతుంది. మన దేశంలోనే జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టి వాటి నడుమ పంటలు పండించి చూపించింది. చేయలేనిది కాదు. చేయాలన్న షరతు ఒప్పందంలో ఎవరూ రాయలేదు, అంతే.

ఆ రోజు నుంచి నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. యూనియన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి జీవోలు, సెక్షన్లు నాకు కొత్త కాదు. చదివినకొద్దీ నిద్ర పట్టలేదు. 2013 భూసేకరణ చట్టం ఉంది కదా, అందులో నష్టపోయిన కుటుంబం అంటే భూమి ఉన్నవాడే కాదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద పనిచేసి బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు కూడా నష్టపోయినవాడే అని రాసి ఉంది. మా చిన్నమ్మ కోసమే రాసినట్టుంది ఆ వాక్యం. కానీ పావగడలో జరిగింది సేకరణ కాదు, కౌలు. కౌలు కాబట్టి ఆ చట్టం ఆ ఊళ్ళ గడప తొక్కలేదు. రైతును కాపాడిన ఏర్పాటే కూలీని బయట పెట్టింది.

ఇంకొకటి. థర్మల్ కేంద్రం పెట్టాలంటే, గని తవ్వాలంటే పర్యావరణ అనుమతి కావాలి, దానికి ముందు బహిరంగ విచారణ జరపాలి. కలెక్టరు వచ్చి కూర్చుంటాడు, ఎవరైనా లేచి మైకులో మాట్లాడొచ్చు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి సోలార్ ప్యానెళ్ళ ప్రాజెక్టులు రావు. పొగ లేదు, బూడిద లేదు కాబట్టి రాకపోవడంలో ఒక న్యాయం ఉంది. కానీ ఆ పొగతో పాటు ఆ మైకు కూడా పోయింది. మా చిన్నమ్మ ఆ ప్రశ్న కలెక్టరును అడగాల్సింది. అడిగే చోటు లేక నన్ను అడిగింది.

ఇక్కడ గొర్రెలున్న ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఎంతమంది? సిగ్గుపడకుండా చేతులెత్తండి. చూడండి సార్, చూడండి. ఇన్ని చేతులు. మీ నాయనలు, అవ్వలు ఏ బీడులో మేపుతున్నారో ఆ బీడు కాగితాల్లో ఎవరి పేరు మీద ఉందో ఈ వారం ఇంటికి పోయినప్పుడు అడగండి.

మన వైపు కూడా ఇదే కథ నడుస్తోంది. ఎన్‌పీ కుంట సోలార్ పార్కు కోసం తీసుకున్న ప్రభుత్వ భూమిని పట్టా లేకుండా దున్నుకున్నవాళ్ళ పరిహారం తగాదా మీరు వినే ఉంటారు. కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ళలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు. రామగిరి కొండల మీద గాలిమరలు మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. మన్యంలో కొండల మీద పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయంటే ఆదివాసులు వద్దంటూ రోడ్డెక్కారు. వాళ్ళ చేతిలో కనీసం గిరిజన ప్రాంతాలను కాపాడే రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఉంది, అక్కడి గ్రామసభలకు అధికారమిచ్చే 1996 పెసా చట్టం ఉంది, ఆ ప్రాంతాల్లో ప్రైవేటు గనులకు భూమి ఇవ్వొద్దని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది. మెట్టసీమ కూలీ చేతిలో ఏముంది?

అందుకే నేను అడిగేది ఒకటే. యూనిట్‌కు ఒక్క పైస.

లెక్క చెబుతాను, గణితం పిల్లలు రాసుకోండి. 2050 మెగావాట్లు రోజంతా నడవవు, ఎండ ఉన్నప్పుడే నడుస్తాయి. ఏడాదిలో అయిదో వంతు కాలమే పూర్తిస్థాయిలో నడిచినట్టు తక్కువలో తక్కువ వేసుకున్నా, దాదాపు 359 కోట్ల యూనిట్లు పుడతాయి. యూనిట్‌కు ఒక పైస తీసి పక్కన పెడితే ఏడాదికి మూడున్నర కోట్ల రూపాయలు. ఆ ఊళ్ళలో భూమిలేని ప్రతి కుటుంబం పేరు మీద ఆ డబ్బు పడాలి. భూమి యజమానులకు ఇచ్చే కౌలు మొదటి రేటుతో చూసినా ఏడాదికి 27 కోట్ల పైన. దాని పక్కన మూడున్నర కోట్లు ఎవరి నడుమూ విరగ్గొట్టవు. ఒక్క పైస పెరిగితే ఈ సభలో ఎవరి బిల్లూ తెలిసేంత పెరగదు. రెండువందల యూనిట్లు కాల్చే ఇంటికి రెండు రూపాయలు!

ఇది నేను గాలిలోంచి తీసిన కోరిక కాదు. 2008 జలవిద్యుత్ విధానంలో ఒక శాతం కరెంటు స్థానిక ప్రాంత అభివృద్ధికి అని రాశారు. ప్రాజెక్టువల్ల నష్టపోయిన కుటుంబానికి నెలకు వంద యూనిట్లు పదేళ్ళు ఇవ్వాలని రాశారు. గనులకైతే 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు, గనులవల్ల నష్టపోయిన ఊళ్ళకోసం గనులవాళ్ళు డబ్బు కట్టే నిధి అది. నీటి కరెంటుకు ఉంది, బొగ్గుకు ఉంది. ఎండకు ఎందుకుండదు? యూనిట్‌కు పైస, యూనిట్‌కు పైస అని నేను పోయిన ప్రతి సభలోనూ అంటున్నాను. విసుగొచ్చినా వినండి, అది వచ్చేదాకా అంటూనే ఉంటాను.

ప్యానెళ్ళు కడిగే నీళ్ళ గురించి, పాతికేళ్ళ తర్వాత ఆ పలకలు ఏ దిబ్బలో పడతాయన్న దాని గురించి, గట్టురాళ్ళు పీకేసిన చేలల్లో ఎవరి చేను ఏదో ఎట్లా తేలుస్తారన్న దాని గురించి కూడా రాసుకొచ్చాను. అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. ఆ కాగితం మీ లైబ్రరీకి ఇచ్చిపోతాను.

ఇక మీరు చేయాల్సిన పని. మన జిల్లాలో కొత్త పార్కులకు భూములు చూస్తున్నారు. కంచె వేశాక ఎవరు అక్కడ పనిచేశారో నిరూపించడం చాలా కష్టం. మా చిన్నమ్మ దగ్గర ఆ చేన్లో పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు. అందుకని కంచెకు ముందే రాయాలి. ఒక ఫారం తయారుచేశాను. ఇంటి పెద్ద పేరు, ఎవరి చేన్లలో ఎన్నేళ్ళుగా పని, ఏ బీడులో మేపు, ఎన్ని జీవాలు, కౌలు చేస్తే నోటిమాటా కాగితమా, ఉపాధి హామీ జాబ్ కార్డు నంబరు. ఇంతే. నింపినాక గ్రామసభలో చదివించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించి, పంచాయతీ కార్యదర్శి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే పెట్టనన్నాడని కూడా రాయండి.

ఎన్‌ఎస్‌ఎస్ మాస్టారు గారు ఇక్కడే ఉన్నారు, ఈసారి శిబిరం ఏ ఊళ్ళో పెడతారో ఆయన చేత ఇప్పుడే చెప్పించండి. ఫారాలు జిరాక్సు తీయించి గేటు దగ్గర బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కరు అయిదేసి తీసుకుపోండి. నింపినవి ఆఫీసులో ఇవ్వండి, వచ్చే నెల మొదటి సోమవారం నేనే వచ్చి తీసుకుంటాను. నమస్కారం.