కథలోంచి జాకెట్టు చెయ్యి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథపాలకుల వారికి, ఎదురుగా కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ చదవమని చీటీ రాసిచ్చారు. కళ్లజోడు కొట్లో మిషను మీద మర్చిపోయాను. ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం 'తీరిక లేని జీవితంలో రచనకు సమయం'. నేను ఆడవాళ్ల బట్టలు కుడతాను. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని. ఈ ఇరవై రెండేళ్లలో తొమ్మిది కథలు అచ్చయ్యాయి. తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "నీకు తీరికెక్కడిదమ్మా?"

ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. పనీపాటా లేనిదాన్ని అన్నట్టుంటుంది. కథలు రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు, అదే మన కారా మాస్టారు, విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేవారు. రావిశాస్త్రి గారు అక్కడే వకీలు. ఉద్యోగం చేసుకుంటూనే ఎంత రాశారో అని వాళ్లను మెచ్చుకుంటాం. నా దగ్గరికొచ్చేసరికి, "జాకెట్టు ఆలస్యమైంది ఇందుకా!" అంటారు. శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం ముందు రోజు రాత్రి రెండింటి దాకా కుట్టింది ఎవరికీ గుర్తుండదు.

సరే, సమయం సంగతి చెబుతాను. బాబిన్‌లో దారం అయిపోతుంది కదా, మళ్లీ చుట్టుకునేలోగా ఒక వాక్యం వస్తుంది. కరెంటు పోతే ఒక పేరా. కొలతల పుస్తకంలో ముందు నుంచి ఛాతీ 36, నడుము 32, వెనక నుంచి కథ. రెండూ మధ్యలో కలిసినప్పుడు కొత్త పుస్తకం కొంటాను. కానీ ముక్కముక్కలుగా రాస్తే చిక్కుంది. నిన్న నూతి దగ్గరున్న మనిషి ఇవాళ వంటింట్లో ఉంటుంది, ఎలా వచ్చిందో నాకే తెలీదు.

అసలు కథ తయారయ్యేది హుక్కులు కుట్టేటప్పుడు. అప్పుడు చేతులకే పని, బుర్ర ఖాళీ. ఒక్కో మాటా పదిసార్లు మార్చుకోవచ్చు. కాగితం మీద పెట్టడం తర్వాతి మాట. ఇంకా రెండు విషయాలు చెప్పాలనుకున్నాను గానీ, వాటికంటే ఇది వినండి. వెనక వరస అమ్మాయిలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండమ్మా.

నా మూడో కథ ఒక పేపరు ఆదివారం అనుబంధంలో వచ్చింది. ఒక్కటే కాపీ. కటింగ్ బల్ల కింద దాచుకున్నాను. అప్పుడే పని నేర్చుకోడానికి ఒక పిల్ల చేరింది. "ముందు పేపరు మీద చేతుల కటింగ్ వెయ్యి, గుడ్డ తర్వాత" అన్నాను. నేనే అన్నాను! మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నా కథ రెండు చేతులై బల్ల మీదుంది. "అక్కా, సరిగ్గా వచ్చిందా?" అంది. చక్కగా వచ్చింది. చంక వంపులో పిసరంత తేడా లేదు. ఏమంటాను? ముక్కలేమో అప్పటికే మున్సిపాలిటీ బండెక్కాయి.

ఆ రెండు చేతులూ ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర. అందులో పెద్దకూతురు పుట్టింటికి వస్తుంది. ఎందుకొచ్చిందో ఉన్న ముక్క పోయింది. మళ్లీ రాసెయ్యవే అన్నారు మా ఆయన. రాశాను. ఈసారి ఆ పెద్దకూతురు వేరే కారణంతో వచ్చింది. అప్పటికి నాకూ ఒక కూతురు పెళ్లయి వెళ్లింది మరి.

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కారా మాస్టారు తనకొచ్చిన అవార్డు సొమ్ముతో 1997లో పెట్టారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. అక్కడ నా పేపరు కూడా ఉండొచ్చు. బస్సెక్కితే రెండు గంటలు. ఆరేళ్లుగా వెళ్దామనుకుంటున్నాను, తీరిక దొరకడం లేదు.

చూశారా, నా నోటా అదే మాట వచ్చింది.

ఆదివారం కొట్టు మూసేస్తాను, వెళ్లొచ్చు. భయమండీ, అంతే. ఆ పెద్దకూతురు ఎందుకొచ్చిందో నేను అప్పుడు రాసింది చదివితే, ఇంతేనా అనిపిస్తుందేమోనని.

ఆరింటికి ఒకావిడ పట్టుజాకెట్టు కోసం వస్తుంది. హుక్కులు ఇంకా కుట్టలేదు. సెలవు.