ఆ మెమో నేనే రాశాను

మన శ్రీకాకుళం ఉద్యోగులందరికీ నమస్కారం. రిటైరైనవాడి చేతికి మైకిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

మనలో చాలామందిమి ఫైలు పట్టుకుని విజయవాడో, హైదరాబాదో వెళ్లొచ్చినవాళ్లమే. నోరు తెరిచి ‘ఏటండి’ అనగానే సీట్లో ఉన్నాయన పక్కాయన వంక చూసి నవ్వుతాడు. ‘శ్రీకాకుళమా?’ అంటాడు. ఊరు అడిగినట్టుండదు, రోగం అడిగినట్టుంటుంది. ఆ మంట తెలిసిన మనమే, సీతంపేట కొండల నుంచి వచ్చిన పిల్ల తెలుగు మాట్లాడితే నవ్వుతాం. నేనూ నవ్వాను.

నేను సూపరింటెండెంటుగా ఉన్న ఒక ఆఫీసులో ఎస్టీ కోటాలో భర్తీ కాక మిగిలిపోయిన బ్యాక్‌లాగ్ పోస్టులో, సవర తెగ గిరిజన అమ్మాయి జూనియర్ అసిస్టెంటుగా చేరింది. అప్పటికింకా సీతంపేట మన జిల్లాలోనే ఉంది, 2022లో కదా మన్యం జిల్లాకి పోయింది. చేరిన వారానికే ఆమెకి ఇంకో ఉద్యోగం కూడా అంటగట్టేశాం, ఉత్తర్వు లేకుండా. కొండ మీంచి ఎవరొచ్చినా ‘అమ్మాయీ, మీవాళ్లొచ్చారు’ అని కేక. పింఛను కానీ, పోడు పట్టా కానీ, ఏ సెక్షను పనైనా సరే. పెన్ను మూతపెట్టి లేచేది. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన అర్జీ విప్పి, ఆ ముసలమ్మకి వాళ్ల మాటలో చెప్పి, మా మాటలో మాకు చెప్పి, తిరిగి సీటుకొచ్చేసరికి భోజనాల వేళ. ఆమె చూడాల్సిన తపాలు, అంటే ఆఫీసుకొచ్చిన కాగితాలు, ఎక్కడివి అక్కడే.

నెలాఖరు రివ్యూలో పెండింగు ఫైళ్లు లెక్కపెడితే ఆమెవే ఎక్కువ. మెమో ఇమ్మన్నారు. డ్రాఫ్టు రాసింది నేను. ‘విధుల పట్ల అలసత్వం’. ఆ మాట మన చేతికి ఎంత అలవాటో చూడండి, ఆలోచించే పనే లేదు.

సంజాయిషీతో పాటు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా టేబులు మీద పెట్టింది. తేదీ, ఊరు, ఏ సెక్షను అర్జీ, ఎంతసేపు పట్టింది. అన్నీ రాసుకుంది. నా సెక్షను పేరే అందులో ఎక్కువసార్లుంది.

ఓదార్చడం నాకు చేతకాదు. నోట్ ఫైలు రాయడం వచ్చు. సవరలో అర్జీలు వినడం ఆమె విధుల్లో భాగమని, దానికి తగ్గట్టు పని పంచాలని రాసి సంతకానికి పెట్టాను. ఆమె రిజిస్టరొకటి నా టేబులుకొచ్చింది, తపాలు ఇంకొకరికి పోయాయి. ‘కోటాలో వచ్చినోళ్లకి పనిలోనూ కోటాయేటి?’ అన్నాడొకాయన. నాకు దీటైన జవాబు తట్టలేదు. నోటుబుక్కు ఆయన ముందుకు తోశాను. రెండు పేజీలు తిప్పి ఊరుకున్నాడు.

మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో ఎస్టీల వాటా 6 శాతం. కొన్ని ఆఫీసుల్లో అది ఒకే ఒక్క మనిషి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ మొత్తం కొండకి పూచీ అయిపోతారు, తప్పు చేస్తే కొండంతా తప్పు చేసినట్టే. పక్క సీటువాడు చేయగలిగింది ఆ బరువులో కొంత తన టేబులు మీద వేసుకోవడం, వేసుకున్నానని కాగితం మీద పెట్టడం. కాగితం మీద లేనిది సాయం కిందే పోతుంది, రేపు ఆయన బదిలీ అయితే అదీ ఉండదు.

గిడుగు రామమూర్తి గారు 1863లో మన పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బళ్లో పాఠాలు చెప్పుకునే మనిషి. సవరల మాట అర్థం కావడం లేదని వాళ్లని తెలుగు నేర్చుకోమనలేదు. తనే సవర నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండేస్తాం, 30న ‘అమ్మాయీ, మీవాళ్లొచ్చారు’ అంటాం.

  

ఆ అమ్మాయి నాకు కృతజ్ఞతలు చెప్పిందా అని అడుగుతారేమో. నోట్ ఫైలు సంతకమై వచ్చిన రోజు చూపించాను. చదివి, ‘ఇది మెమోకి ముందే రాయొచ్చు కద సార్’ అని తన సీట్లోకి వెళ్లిపోయింది.